గోడవైపు తిరిగిన అక్క

సూళగిరి దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి సొంత క్లౌడ్ కావాలంటే, డేటాబేస్ సర్వర్ పెట్టడానికి వెళ్లాను. అక్కడ సరుకు లెక్కలు చూసే అక్క రోజూ తన క్యారియర్‌లోంచి నాకూ రాగిసంగటి పెట్టేది. సర్వర్ నడిచాక, ఎవరి పనికి కావలసినంత వాళ్లకు ఉంచి, మిగతా లెక్కలు చూసే అనుమతులన్నీ తీసేశాను. సరుకు లెక్కలు తప్ప ఆమెవీ పోయాయి. ముందుగా ఒక మాట చెప్పాలని కూడా నాకు తోచలేదు.

"నిన్నటిదాకా కనపడిన లెక్కలు ఈపొద్దు కనపడలేదప్పా. నేనేమన్నా తప్పు చేసినానా?" అని అడిగింది.

"రూలు అందరికీ ఒకటే అక్కా" అన్నాను. ఆ మాట నిజమే. అన్నందుకు మాత్రం నా మీద నాకే ఒళ్లు మండింది.

మధ్యాహ్నం మళ్లీ సంగటి పెట్టింది. తిన్నాక నేను పాస్‌వర్డ్ కొట్టబోతుంటే, ఎవరూ చెప్పకుండానే లేచి, గోడవైపు తిరిగి నిలబడింది.