డిటెక్టివక్క ఇంగ్లీషు

మధ్యాహ్నం ఒంటిగంటకు గోడౌనులో అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుకుంటుంటే, ఊడ్చే ఆవిడ మాత్రం చీపురు గోడకానించి, చేతులు కడుక్కుని, మెట్ల కింద ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు దర్జాగా కూర్చునేది. ఒక చేత్తో ముద్ద, ఇంకో చేత్తో మౌసు. తెరమీద ఒక ఆట, అందులో పాడుబడ్డ బంగళా. ఎవరో ముసలాయన మాయమైపోయాడు. వెతకడానికొచ్చిన డిటెక్టివ్ పిల్లకు గదిగదికీ ఒక చిట్టా ఇస్తారు. ఈ పన్నెండు వస్తువులూ ఈ గదిలోనే ఉన్నాయి, అన్నీ కనిపెడితేనే తలుపు తెరుచుకుంటుంది. గదేమో సంతలా ఉంటుంది. కత్తెర చెట్టుకొమ్మల్లో కలిసిపోతుంది, గాజుగ్లాసు కిటికీ అద్దంలో కలిసిపోతుంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తీరా చూస్తే అది కళ్ళముందే ఉంటుంది.

హమాలీలు ఆవిడకు డిటెక్టివక్క అని పేరు పెట్టారు. వెక్కిరింతకే పెట్టారు. ఆవిడ దాన్ని బిరుదులా పుచ్చుకుంది. “అవునయ్యా, డిటెక్టివునే. నిన్న పోగొట్టుకున్న నీ చెప్పు ఎక్కడుందో చెప్పనా?” అనేది. చెప్పేది కూడా.

నలభై ఎనిమిదేళ్ళ మనిషి, పెళ్ళీడు కూతురున్న మనిషి, ఈ బొమ్మలాటలేమిటని మూతి తిప్పుకునేవాళ్ళు లేకపోలేదు. అదే వయసు మగాళ్ళు పొద్దుగూకేదాకా పేకాడితే దాన్ని కాలక్షేపం అంటారు. సరే, ఆ లోకరీతి మనం మార్చేది కాదు గనక కథలోకి వద్దాం.

అది నాటకాలకూ సినిమాలకూ దుకాణాల షోకేసులకూ పాత సామాను అద్దెకిచ్చే గోడౌను. మూడంతస్తులు. కింద మంచాలు, బీరువాలు, పియానోలు. మధ్యలో దీపాలు, గడియారాలు, గిన్నెలు. పైన అన్నీ చిల్లరమల్లర: తాళాలు, కళ్ళజోళ్ళు, ఈక కలాలు, మనిషి పుర్రె ఒకటి. ఇవన్నీ చూసుకునే స్టోరుకీపర్‌ని ఆవిడ బాబాయ్ అని పిలిచేది. పదకొండేళ్ళ కిందట ఆ ఆట ఆవిడకు చూపించింది ఆయనే.

చిట్టా అంతా ఇంగ్లీషులో. ఆవిడకు ఇంగ్లీషు ముక్క రాదు. మొదటిరోజు కనబడిన ప్రతిదానిమీదా టకటకా నొక్కింది. అలా గుడ్డిగా నొక్కేవాళ్ళంటే ఆ ఆటకు గిట్టదు. బాణం గుర్తు బిగుసుకుపోయి కాసేపు కదలదు.

“అట్లా కాదు అమ్మాయ్, చిట్టా చూసి నొక్కాలి. ఇదుగో, ఇది ల్యాడిల్. అంటే గరిటె” అన్నాడు బాబాయ్.

ఆవిడ గరిటె వెతికి నొక్కింది. చిట్టాలో ఆ పేరుమీద గీత పడింది. అంతే, ఆవిడ ఒళ్ళు జల్లుమంది. బళ్ళో మూడో తరగతి దాటని తను ఒక ఇంగ్లీషు మాటను పట్టేసింది!

అక్కణ్ణుంచి నలభైకి పైగా ఆటలు అయిపోయాయి. అక్షరాలు కూడబలుక్కునేది కాదు, మనుషుల మొహాలు గుర్తుపెట్టుకున్నట్టు మాటల్ని గుర్తుపెట్టుకునేది. అవర్‌గ్లాస్ అంటే ఇసుక గడియారం. థింబుల్ అంటే దర్జీ వేలి తొడుగు. మోనోకిల్ అంటే ఒంటికంటి అద్దం. డిగ్రీలు చదివినవాళ్ళు కూడా తెల్లమొహం వేసే మాటలు ఆవిడకు కొట్టినపిండి. వచ్చినవల్లా వస్తువుల పేర్లే. ఎవరైనా “హౌ ఆర్ యూ” అంటే నవ్వి ఊరుకునేది.

బాబాయ్‌కి కళ్ళు మసకేశాక, సామాను అద్దెకడిగేవాళ్ళు పంపిన ఇంగ్లీషు చిట్టా ఆవిడ చేతిలో పెట్టేవాడు. తను కుర్చీలో కూర్చునేవాడు, ఆవిడ మూడంతస్తులూ తిరిగేది. చివరి నాలుగేళ్ళూ ఆ స్టోరు నడిపింది చీపురు పట్టిన చెయ్యే. ఆ మాట ఆయన దాచుకోలేదు. పని మానేసే రోజున యజమానితో చెప్పాడు.

“ఈ అమ్మాయికివ్వండి సార్. నాకంటే బాగా చూసుకుంటుంది.”

యజమాని పగలబడి నవ్వాడు. “ఇంగ్లీషు రానిదానికి స్టోరా?”

“వస్తుంది సార్” అంది ఆవిడ.

“ఓహో! ఎక్కడ చదివావేం?”

“మీ కంప్యూటర్లోనే.”

సోమవారం పరీక్ష అన్నాడాయన. సరదాకే అన్నాడు. ఆవిడ మాత్రం సరదాకి తీసుకోలేదు. ఆ కుర్చీ తనది. నాలుగేళ్ళుగా తనదే. కాగితం మీదికి రావాలి, అంతే.

జిరాక్సు షాపులో పనిచేసే కూతురు రెండు సాయంత్రాలు వంటింట్లో కూర్చోబెట్టి నేర్పింది. “అమ్మా, ఈజ్ అంటే...”

“అదెలా ఉంటుందే?”

“ఎలా ఉండడమేంటమ్మా? అది వస్తువు కాదు.”

“కాకపోతే నాకెందుకు? ఏ బొమ్మలోనూ కనబడనిది నా బుర్రకెక్కదే” అని ఆవిడ కూర తరగడానికి లేచిపోయింది.

సోమవారం యజమాని సామాను అడుగుతూ వచ్చిన ఒక ఇంగ్లీషు ఉత్తరం ముందు పెట్టాడు. పక్కన ఆయన బావమరిది. చుట్టూ హమాలీలు.

“ట్రంక్” అంది ఆవిడ. వేలు జరిపింది. “ల్యాంటర్న్.” ఇంకా జరిపింది. “మిర్రర్.”

“మధ్యలోవి?”

“మధ్యలోవి సామాన్లు కావు సార్. చిట్టా ఇవ్వండి, ఉత్తరం కాదు. ఏ చిట్టా అయినా ఇవ్వండి.”

“చిట్టా ఇవ్వాలట! సామాన్లు కావట!” యజమాని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆయన నవ్వాడు గనక మిగతావాళ్ళూ నవ్వారు. బావమరిది ఆ ఉత్తరం గడగడా చదివేశాడు. స్టోరు తాళాల గుత్తి ఆ బావమరిది చేతికే వెళ్ళింది. వెళ్తే వెళ్ళింది, యజమాని అంతటితో ఆగితే బాగుండేది.

“ఇంకోమాట. ఇకమీదట కంప్యూటర్ జోలికి రాకు. నీది చీపురు పని. చీపురు తప్ప ఇంకో వస్తువు ముట్టుకున్నావంటే ఒప్పుకోను.”

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లో అడుగుపెట్టగానే ఏడ్చేసింది.

“పోనీలే అమ్మా” అంది కూతురు.

“పోనీలే అనకు” అంది ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. “పోనివ్వను. నాకు రానిది రాదన్నారు, ఒప్పుకుంటాను. వచ్చింది కూడా రాదంటే ఎట్లా ఒప్పుకుంటానే?”

మర్నాటినుంచి ఆవిడ యజమాని మాట అక్షరాలా పాటించింది. నేల మాత్రమే ఊడ్చింది. దుమ్ము దులపాలంటే వస్తువు ముట్టుకోవాలి కదా, దులపడం మానేసింది. గడియారాలమీద దుమ్ము పేరుకుంది. ఎవరో ఒక దీపం దారికడ్డంగా పెట్టి పోతే, దాని చుట్టూ గుండ్రంగా ఊడ్చి ముందుకెళ్ళింది. బావమరిది చెడ్డవాడేం కాదు. ఉత్తరం చదవగలడు, జవాబు రాయగలడు, ఫోన్లో ఇంగ్లీషులో సారీ చెప్పగలడు. చెప్పాల్సిన అవసరం రోజూ వచ్చేది. గాబ్లెట్, అంటే కాడ ఉన్న గ్లాసు, అడిగితే గంగాళం పంపాడు. క్విల్, అంటే ఈక కలం, అడిగితే క్విల్ట్ అనుకుని దుప్పటి పంపాడు. “పోనీ మీరైనా చెప్పొచ్చు కదమ్మా?” అని ఒకసారి మెల్లిగా అడిగాడు. “చెప్పేదాన్నే చిన్నసార్. మీ బావగారు వద్దన్నారు” అంది ఆవిడ, అంతే మెల్లిగా.

పదమూడో రోజు ఒక సినిమా కంపెనీ నుంచి పెద్ద చిట్టా వచ్చింది. పాత బంగళా సెట్టు, అరవై నాలుగు వస్తువులు, లారీ పదకొండుకల్లా బయల్దేరాలి. ఆ కంపెనీ వాళ్ళు అప్పటికే రెండుసార్లు తప్పు సామాను అందుకుని మండిపడుతున్నారు. ఇంకొక్కసారి తేడా వస్తే వేరే గోడౌను చూసుకుంటామని చెప్పేశారు. ఆరింటినుంచి వెతికితే, తొమ్మిదిన్నరకు పోగైనవి పంతొమ్మిది.

యజమాని చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ఆవిడ మెట్లు ఊడుస్తోంది.

“ఏమ్మా, కాస్త ఇటు రా. ఈ చిట్టా చూడు.”

“నాది చీపురు పని సార్.”

“ఆ చీపురు అవతల పడేసి ముందు వెతుకమ్మా!”

“వెతకడం స్టోరుకీపర్ పని.” ఆవిడ ఇంకో మెట్టు ఊడ్చింది. “నన్ను స్టోరుకీపర్‌ని చేస్తున్నానని కాగితం రాసివ్వండి. తాళాలివ్వండి. మధ్యాహ్నం అరగంట కంప్యూటర్ స్టోరుకీపర్ ఇష్టం. అప్పుడు వెతుకుతాను.”

“లారీ వెళ్ళనీ, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం.”

“ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. వద్దు సార్. లారీ వెళ్ళాక మీకు నా మొహం కూడా గుర్తుండదు.”

హమాలీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఈసారి ఆ నవ్వు ఆవిడమీద కాదు. యజమాని మొహం జేవురించింది. తొమ్మిది నలభై అయింది. ఆయన విసురుగా ఆఫీసు గదిలోకి వెళ్ళి, రెండు వేళ్ళతో ఏదో కొట్టి, అచ్చువేసి, సంతకం గీకి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. మొత్తం ఇంగ్లీషు.

ఆవిడ కాగితాన్ని పైనుంచి కిందికి చదవలేదు. బొమ్మను చూసినట్టు చూసింది, మూలనుంచి మూలకు, తొందర లేకుండా. నాలుగో వరుసలో వేలు ఆగింది. ఆ మాట ఆవిడకు బాగా తెలుసు. ప్రతి ఆటలోనూ తలుపు వెనకాలో పొయ్యి పక్కనో ఉంటుంది.

“సార్, ఇందులో బ్రూమ్ ఎందుకుంది?”

“ఏదీ? ఎక్కడ? అబ్బే, అదేదో...” గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు యజమాని జేబులు తడుముకున్నాడు.

“చిన్నసార్, మీరు చదవండి” అని ఆవిడ కాగితం బావమరిదికిచ్చింది.

ఆయన బావ వంక చూశాడు, గడియారం వంక చూశాడు. లారీవాడు హారన్ కొట్టాడు. ఎవరంటే ఎక్కువ భయమో తేల్చుకున్నాడు కాబోలు, చదివాడు. “చీపురు పనితోపాటు, స్టోరులో తాత్కాలికంగా సాయం చేయవలెను. అంతే ఉంది.”

ఆవిడ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి యజమానికి తిరిగిచ్చింది. “నాకొచ్చిన భాషలో రాయండి సార్. చేత్తోనే రాయండి.”

రాశాడు. ఆవిడ ప్రతి అక్షరం కూడబలుక్కుని చదివింది. లారీవాడు మళ్ళీ హారన్ కొట్టాడు. ఆవిడ మళ్ళీ మొదటినుంచి చదివింది. తాళాలు నడుముకు దోపుకుని అప్పుడు చిట్టా అందుకుంది.

ఆ తర్వాతిది చూడాల్సిందే. చిట్టా ఒక్కసారి పైనుంచి కిందికి చూసి, మెట్లమధ్య నిలబడి కేకలు మొదలుపెట్టింది. “బెల్లోస్, అంటే కొలిమి తిత్తి, ఫిడేలు పెట్టెల వెనక గోడకు! స్కోన్స్ నాలుగు, గోడ దీపాలు, ఇత్తడి కుప్పలో అడుగున! అవర్‌గ్లాస్ పుర్రె వెనక! ఖాళీగా ఉన్నచోట చూడకండి, కిక్కిరిసిన చోట చూడండి!” హమాలీలు పరిగెత్తారు. ఒక్కొక్కటీ వస్తుంటే పెన్సిలుతో గీత కొట్టింది.

అరవై మూడు అయ్యాయి. అరవై నాలుగోది ట్రివెట్. ఆ మాట మొహం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఆ సంగతి దాచలేదు. “చిన్నసార్, ఇది నాకు రాదు. ఫోన్లో చూసి చెప్పండి.”

“వేడి గిన్నె కింద పెట్టే ముక్కాలి చట్రం అట.”

“అదా! రెండో అంతస్తులో పూలకుండీ కింద ఉంది.”

పదకొండుంబావుకి లారీ కదిలింది. యజమాని ఒక స్టూలు లాక్కుని కూలబడ్డాడు. బావమరిదిని ఏం చెయ్యాలో, ఇంట్లో భార్యకేం చెప్పాలో అన్న దిగులు ఆయన మొహంలో కనబడుతూనే ఉంది.

“ఉత్తరాలు చిన్నసార్‌నే చూడమనండి. అవి నాకు రావు” అంది ఆవిడ.

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. కానీ గెలుపు మొత్తం ఆవిడకే వదిలేయడానికి మనసొప్పినట్టు లేదు. “అన్నీ బాగానే ఉన్నాయి గానీ, రేపట్నుంచి ఊడ్చేదెవరు?”

“ఇంకో మనిషిని పెట్టుకోండి.”

“సరే, చదువూ సంధ్యా లేనిదాన్నే చూడు. తక్కువకి దొరుకుతుంది.”

“అట్లాగే సార్. ఆవిడక్కూడా మధ్యాహ్నం అరగంట కంప్యూటర్ ఇస్తాను.”

“ఊడ్చేదానికి కంప్యూటరెందుకు?”

“నా తర్వాత ఈ స్టోరు చూడ్డానికి మనిషి కావాలి కదండీ” అంది స్టోరుకీపర్.