వేళ్ళతో వచ్చిన కట్టెలు

వరదలో ఇళ్ళు పోయినవాళ్ళందరినీ కొండ కింద డేరాల్లో పెట్టారు. వాళ్ళకి వండిపెట్టే ఆవిడని అందరూ గరిటమ్మ అనేవాళ్ళు. చెయ్యి పెద్దది, నోరు అంతకన్నా పెద్దది. "ఇంకొంచెం వెయ్యమ్మా" అంటే కసురుతూనే రెండు గరిటెలు వేసేది.

సాయం చేసే పెద్దమనుషులు బియ్యం పంపారు, పప్పు పంపారు, నూనె పంపారు. పొయ్యిలోకి ఏం పెట్టాలో మాత్రం ఎవరికీ తట్టలేదు. జనం బియ్యం పచ్చివే నములుతారనుకున్నారు కాబోలు! గ్యాస్ అడిగితే శిబిరం చూసే అధికారి "వస్తుందమ్మా, పైకి చెప్పాం" అనేవాడు. చివరికి కొండవైపు చెయ్యి చూపించింది గరిటమ్మే. "పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే చెట్లని చూస్తూ కూర్చుంటామా? కొట్టుకురండి."

ముందు ఎండుపుల్లలు వచ్చాయి. తర్వాత కొమ్మలు. ఆ తర్వాత పచ్చి మానులే; పొగకి కళ్ళు మండిపోయేవి. కొండ బోడిగుండయింది. దాని కిందే, గాలి తగలదని వేయించిన గరిటమ్మ బాలింత కూతురి డేరా.

ఆ పొద్దున ముసురు పట్టింది. మగవాళ్ళు పొయ్యి దగ్గర పడేసిన మోపులో కట్టెలకి వేళ్ళున్నాయి, వేళ్ళకి తడిమట్టి. మొదళ్ళు కూడా పెకలిస్తున్నారన్నమాట. ఇంక కొండమట్టిని పట్టి ఉంచేదేముంది? గరిటమ్మ తలెత్తి చూసింది. కొండ మీంచి దిగే కాలవలో నిన్నటిదాకా తేటగా ఉన్న నీళ్ళు ఎర్రగా, చిక్కగా వస్తున్నాయి.

కూతురి దగ్గరికి పరిగెత్తింది. "లే, రోడ్డు మీదకి పద."

"పాపకి పాలు పట్టి వస్తానమ్మా, నువ్వు పద."

అధికారి దగ్గరికెళ్తే, "డేరాలు కదపాలంటే పైనుంచి మాట రావాలమ్మా" అన్నాడు.

ఇంక అతనితో వాదన పెట్టుకోలేదు. పొయ్యిలో బిందెడు నీళ్ళు కుమ్మరించి, సగం ఉడికిన అన్నం గుండిగలు ఎత్తు మీదున్న రోడ్డుకి మోయించింది. "ఇక్కడికొస్తేనే తిండి" అని కేకేసింది. కొండ కూలుతుందంటే నవ్విపోతారు, అన్నం లేదంటే పరిగెత్తుకొస్తారు. జనం సంగతి ఆవిడకి తెలియంది కాదు. అనుకున్నట్టే తిట్టుకుంటూ పళ్ళేలు పట్టుకుని ఎక్కారు.

వడ్డిస్తూనే మొహాలు వెతుక్కుంది. వరస చివర్లో అల్లుడు కనిపించాడు. చేతిలో రెండు పళ్ళేలు.

"అమ్మాయేదీ?"

"పాప ఇప్పుడే పడుకుంది అత్తయ్యా. వానలో ఎందుకని అక్కడే ఉండమన్నాను. తన అన్నం నేను పట్టుకెళ్తాలే."

అతను రెండో పళ్ళెం చాపే ఉన్నాడు. వెనక కొండవైపు నుంచి బళ్ళు దొర్లినట్టు చప్పుడు మొదలైంది.