ఎడమకు తిరిగిన మడతలు

"అయితే వదినా, ఇది ఎన్నో కొట్టు? నూటపదా, నూటపాతికా?" అంది ఎదురుగా కూర్చున్న నేస్తం, సో వదిన. లైకామ్ టీ పోస్తుంటే, మర్యాదకి బల్ల మీద రెండు వేళ్లతో తడుతోంది.

"లెక్కలు రాసుకోడానికి నేనేమన్నా జనాభా లెక్కలదాన్నా? తిను."

"తినమంటావు, బన్నుల బుట్ట మూత తియ్యనివ్వవు. మొన్న మోంగ్ కోక్‌లో పిండి పళ్లకంటుకుందన్నావు. అంతకు ముందు దానికి నవ్వు చాలలేదన్నావు. అది బన్నా, పెళ్లిచూపుల పిల్లా?"

పూన్ లైకామ్‌కి డెబ్బై ఒకటి. షామ్ షూయ్ పో పేటలో ఓ టీ హోటల్ వంటింట్లో నలభై రెండేళ్లు పందిమాంసం బన్నులు చేసింది. ఆవిరికి బన్ను ఉబ్బి నెత్తిన మూడుగా విచ్చుకోవాలి. దాన్నే నవ్వడం అంటారు. పని మానేశాక ఇలా ఊరంతా తిరిగి బన్నులు పోల్చి చూస్తోందంటే, చూసినవాళ్లు తిండిపిచ్చి అనుకుంటారు. అసలు సంగతి సో వదిన ఒక్కదానికే తెలుసు. లైకామ్ వెతుకుతున్నది తన ఒకే ఒక్క శిష్యుణ్ణి.

ఆమెకు పని నేర్పిన ఫూ మాస్టారిది ఎడమచెయ్యి వాటం. ఆయన మడత నొక్కితే ఎడమకు తిరిగేది. శిష్యులంతా కుడిచేతివాళ్లే అయినా కళ్లతో చూసిందే చేశారు. వేరే వంటిళ్లకు వెళ్లి నవ్వులపాలయ్యేదాకా అది తిరగేసిన మడతని వాళ్లకు తెలియదు. తెలిశాక చెయ్యి మాట వినలేదు. మిగతా శిష్యులెవరూ ఆ మడత ఎవరికీ నేర్పలేదు; లైకామ్ మాత్రం మాన్‌హోయ్ అనే కుర్రాడికి నేర్పింది. పందొమ్మిదేళ్ల కిందట, కొత్త సంవత్సరం రద్దీలో, ఒక వాయి నవ్వలేదు. "నీ చేతికి పిండెందుకు, పోయి బస్సులు కడుక్కో," అంది అందరి ముందూ. అతను ఏప్రాన్ విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ కనబడలేదు. ఒక్క మాటతో మాస్టారి చేతిని నేనే చంపేశానని అప్పటినుంచీ ఆమెకు దిగులు.

లైకామ్ బుట్ట మూత తీసింది. మూడు బన్నులూ విరగబడి నవ్వుతున్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురుకు తిప్పింది. విచ్చుకున్న రెక్కల కింద సన్నటి మడతల గీతలు. అన్నీ ఎడమకే.

"ఏమైంది? వెంట్రుకొచ్చిందా?"

లైకామ్ తలెత్తింది. హాలంతా కలయజూసింది. గుర్రప్పందేల పేపరు చదువుతున్న తాతల ముందు, మనవలకు తినిపిస్తున్న అమ్మమ్మల ముందు, బల్లబల్లకీ ఓ వెదురుబుట్ట, అందులో ఎడమకు తిరిగిన బన్నులు. మాస్టారు పోయి ముప్పై ఏళ్లు. ఆయన వేళ్లు ఇన్ని బల్లల మీద ఇంకా కదులుతున్నాయి. ఆ సంగతి తెలియకుండా ఇంతమంది కమ్మగా నములుతున్నారు.

లేచి వంటింటి కిటికీ దగ్గరికెళ్లింది. లోపల ముప్పై అయిదేళ్ల మనిషి కుడిచేత్తో, ఎడమకు మడతలు నొక్కుతోంది.

"ఎవరు నేర్పారమ్మా నీకు?"

"తోంగ్ మాన్‌హోయ్ మాస్టారండి. ఇప్పుడు తైపోలో సొంత కొట్టు. మడత కుడికి తిరిగిందంటే చేతిమీద ఒక్కటిచ్చేవారు. ఎందుకు మాస్టారూ అంటే, మా గురువమ్మ చూస్తే నన్ను బస్సులు కడగడానికి తోలేస్తుంది అనేవారు."

"ఆవిడంటే కోపమా ఆయనకి?"

"ఏమోనండి. ఆ మాట అన్నప్పుడల్లా నవ్వేవారు మాత్రం."

ఆ మనిషి ఆర్డరు కాగితం మీద ఫోన్ నంబరు రాసిచ్చింది. లైకామ్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని బల్ల దగ్గరికొచ్చింది.

"ఇంకేం, ఫోన్ చెయ్యి ఇప్పుడే," అంది సో వదిన.

"ఇప్పుడు టీకి జనం వచ్చే వేళ. చేతులనిండా పిండి ఉంటుంది వాడికి. మూడింటికి చేస్తా."

"చేసి ఏమంటావు?"

లైకామ్ చల్లారిన బన్ను కొరికి, నెమ్మదిగా నమిలింది. "మాంసంలో తీపి కాస్త తగ్గించమంటా."

"పందొమ్మిదేళ్ల తర్వాత అదా తల్లీ నువ్వనేది?"

"కాదులే. ముందు, నేను లైకామ్‌ని, ఫోను పెట్టెయ్యకురా అంటా. పెట్టెయ్యకపోతే, నీ చెయ్యి మాస్టారి చెయ్యిరా, ఆ రోజు నేను తప్పు మాట అన్నాను అంటా." గోడ గడియారం వైపు చూసింది. "తీపి సంగతి ఆ తర్వాత."