సబ్బు కలిపిన పాకం

ఈ ఉదయం దోసె మీద తేనె పోస్తుంటే ధార చివర తాడుచుట్టలా చుట్టుకుంటూ పడింది. అది చూడగానే సూరత్‌లో అడాజన్ పేటలోని ఫ్లాటూ, ఆ వంటింట్లో బెల్లప్పాకం వాసనా, వనజ మేడం గొంతూ గుర్తొచ్చాయి.

మేడం నా పరిశోధనకు గైడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం వరండా చివరిదాకా వినిపించేది. ఆవిడ పొరపాటు ఒప్పుకోగా చూసినవాళ్ళు లేరు. కరోనా రోజుల్లో ఒకసారి మైకు ఆన్ చేయకుండానే క్లాసంతా చెప్పేశారు. పిల్లలు ఆ సంగతి చెబితే, "పెదవులు చూసి తెలుసుకోవాలె. నాకు మాస్కు లేదు గద!" అని వాళ్ళనే కసిరారు.

లాక్‌డౌన్‌లో హాస్టల్ మూసేశారు, ఊరెళ్ళడానికి రైళ్ళు లేవు. మేడం నన్ను తన ఇంటికే తీసుకెళ్ళడంతో ప్రయోగశాల వంటింట్లోకి మారింది. చిక్కటి ద్రవం సన్నటి ధారగా పడేటప్పుడు ఎందుకు వంగి చుట్టుకుంటుందన్నది నా అంశం. ధార ఎంత సన్నగా ఉంటే అంత సులువుగా వంగుతుందని మేడం ఏనాడో ఒక వ్యాసంలో తేల్చేశారు. నేను బార్డోలీ బెల్లంతో పాకం పట్టి పోస్తే, మరీ సన్నటి ధార వంగనే వంగదు. బిగించిన దారంలా నిటారుగా దిగుతుంది.

"నీ చెయ్యి వణుకుతున్నది. మళ్ళ పొయ్యి" అనేవారు మేడం.

పోసి పోసి విసిగి, చదువు మానేసి ఉద్యోగం చూసుకుందామనుకున్నాను. కానీ ఒక అనుమానం వదల్లేదు. తలతన్యత, అంటే ద్రవం పైపొర బిగువు, ధారను తొడుగులా పట్టుకుని వంగనివ్వడం లేదేమో! ధార సన్నబడేకొద్దీ ఆ తొడుగుదే పైచేయి. సబ్బు తలతన్యతను తగ్గిస్తుంది గనుక, ఒక గిన్నెడు పాకంలో అంట్లు తోమే లిక్విడ్ కాస్త కలిపాను. అంత సన్నటి ధార కూడా ఈసారి బుద్ధిగా వంగి చుట్టుకుంది. "రేపు ఆన్‌లైన్ల నీ పరిశోధన కమిటీకి చూపియ్యి, చూద్దాం" అన్నారు మేడం, నమ్మకుండానే.

ఆ సాయంత్రం ఉధ్నా రైల్వే స్టేషన్‌లో గూడ్స్ బండ్ల డ్యూటీ ముగించుకొచ్చిన మేడం భర్త రాజన్నగారు ఆ గిన్నె ముందేసుకుని చపాతీలు లాగించారు.

"ఏంది వనజా, పాకం జర నిమ్మకాయ వాసనొస్తున్నది? మంచిగనే ఉన్నది గని, గొంతుల నురగొస్తున్నది."

"అయ్యో! అది పరిశోధన! ఎవరు తినమన్నరు మిమ్మల్ని?"

"పరిశోధన అని చెప్పాలె గద!" అంటూ ఆయన పుక్కిలించడానికి పరుగెత్తారు.

మర్నాడు కొత్త పాకం పట్టాను. కంప్యూటర్ తెర మీద కమిటీ పెద్దలు కొలువుదీరారు. మేడం ఫోన్ కెమెరా పట్టుకుంటే నేను పోశాను. ఉత్త పాకం నిటారుగా దిగింది. సబ్బు పాకం చుట్టుకుంది. ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, ఇది మీ పాత వ్యాసానికి విరుద్ధం కదా అని మేడంను ఇంగ్లీషులో అడిగారు.

అమ్మాయి చెయ్యి వణికిందని ఆవిడ ఒక్క మాటంటే నా పని అయిపోయినట్టే. మేడం పాకం వైపు చూశారు, నా వైపు చూశారు.

"అవును. నాది తప్పు. తలతన్యతను లెక్కలోకి తీసుకోలేదు. ఈ అమ్మాయి చెప్పిందే నిజం."

కెమెరా సంగతి తెలియని రాజన్నగారు లుంగీలో లోపలికొచ్చి, "ఇగ దీన్ల గూడ సబ్బు కలిపిన్రా? తినొచ్చా?" అన్నారు. తెలుగు రాని పెద్దలు కూడా ఆ లుంగీ చూసి నవ్వారు. నా పరిశోధన నిలబడింది.

తర్వాత మెల్లగా అడిగాను, "ఒప్పుకోవడం కష్టమైందా మేడం?"

"మస్తు కష్టమైంది. చెప్పినంక ఆకలైతున్నది. అన్నం పెట్టు."

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. మొన్న క్లాసులో ఒక అమ్మాయి బోర్డు మీద నేను రాసిన సమీకరణంలో తప్పు పట్టింది. నీకేం తెలుసని గద్దించబోయాను. నోట్లోంచి మాత్రం "నాది తప్పు" అని వచ్చింది, అదీ ఎంత గట్టిగా అంటే, వెనక బెంచీలో కునుకు తీస్తున్నవాళ్ళు ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు.