చెప్పు విసిరినవాణ్ణి వెతుక్కుంటూ వెళ్లిన సలోమి

సలోమి ఇక లేదన్న వార్త కిరండూల్ నుంచి ఫోనులో వచ్చినప్పుడు నేను కొత్తవలసలో ఇంటి ముందు పళ్లు తోముకుంటున్నాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ముందురోజు సాయంత్రమే ఆమె నాతో మాట్లాడింది. అరకు దాటాక ఒక సొరంగంలో రైలు కూత రెండుసార్లు ఎందుకు వినిపిస్తుందో కనుక్కోమంది. కనుక్కుని చెప్పేలోగానే వెళ్లిపోయింది.

ఆమె తండ్రి బొబ్బిలి ప్రాంతం నుంచి వచ్చి కొత్తవలస–కిరండూల్ రైలు లైనులో గార్డుగా పనిచేశారు. మా నాన్న పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. బస్తర్ కొండల్లో ఇనుప గనుల ఊరైన కిరండూల్ రైల్వే క్వార్టర్లలో మా రెండు కుటుంబాలకూ ఒకే గోడ. "దీనికి అన్నం తక్కువైనా పర్లేదు, జవాబు తక్కువైతే బతకదు" అనేవారు సలోమి నాన్న. అది అతిశయోక్తి కాదు. సంగీతంలో ఆమెకు సహజ ప్రతిభ ఉండేది. కానీ ఆమెలో అంతకన్నా బలమైనది జిజ్ఞాస. చర్చిలో గాయక బృందాన్ని నడిపేది, గనుల టౌన్‌షిప్ బడిలో తాత్కాలిక సంగీతం టీచరుగా ఉండేది.

కొండల్లో తవ్విన ఇనుప ఖనిజం రైళ్లలో విశాఖ రేవుకు దిగిపోయేది. ఒకసారి రేవులో పనిచేసే ఆమె మేనమామ ఎవరో విదేశీ నావికుడి దగ్గర సంపాదించిన పంక్ రాక్ క్యాసెట్టు తెచ్చాడు. గిటారు మీద మూడే కార్డ్‌లు, విపరీతమైన వేగం, పాడటం కంటే అరవడం ఎక్కువ. నాకు తలనొప్పి వచ్చింది. సలోమి మాత్రం, "ఇంత కోపం ఏటికొచ్చిందో ఈళ్లకి?" అని వారం రోజులు అదే విన్నది. తర్వాత గిటారు పట్టింది, నన్ను డ్రమ్ముల ముందు కూర్చోబెట్టింది, థామస్ అనే మలయాళీ ఎలక్ట్రీషియన్ను కలుపుకుంది. గనుల ఎరుపు కలిసి పారే వాగును అక్కడ అందరూ లాల్ పానీ అంటారు. మా బృందానికి అదే పేరు పెట్టింది.

ఆ ఏడు విశ్వకర్మ పూజకు విశాఖ నుంచి సినిమా పాటల ఆర్కెస్ట్రా రావాలి. ఘాట్‌లో కొండచరియ పడి రైళ్లు ఆగిపోయాయి. నిర్వాహకులు మా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. మాకు సినిమా పాటలు రావని సలోమి ముందే చెప్పింది. "కుఛ్ భీ బజా దో", ఏదో ఒకటి వాయించండి చాలు, అన్నారు వాళ్లు. గొడవ జరిగితే ఉద్యోగం ఉండదని బడి హెడ్మాస్టరు ఆమెను హెచ్చరించాడు. అయినా ఒప్పుకుంది.

మధ్యాహ్నం మూడింటికి మైదానం నిండా జనం. మొదటి పాట ఆమె రాసిందే: "కొండ తీసేత్తే ఏటి మిగులుద్ది?" నా డ్రమ్ములు ఖనిజం పిండిచేసే క్రషర్‌లా మోగాలని ఆమె ఆదేశం. మైకు కీచుమంది, థామస్ గిటారు తీగ ఊడింది, పాటలో నేను ఎక్కడున్నానో నాకే తెలియలేదు. మొదట జనం బిత్తరపోయారు. తర్వాత "బంద్ కరో" అన్న కేకలు, చెప్పులు, ఆపైన కుర్చీలు. ఒక బరువైన చెప్పు వచ్చి ఆమె కనుబొమ మీద తగిలింది. రక్తం తుడుచుకుని పాట పూర్తి చేసింది. అప్పుడు మైకులో తెలుగులోనూ హిందీలోనూ, నచ్చలేదని తెలిసింది, ఎందుకో చెబితే ఆపేస్తానని అడిగింది. జవాబుగా మరిన్ని చెప్పులు వచ్చాయి. ఎవరో జనరేటర్ ఆపేశారు.

సలోమి ఉద్యోగం పోయింది. థామస్ మళ్లీ రాలేదు. నాకు అవమానంతో జ్వరం వచ్చినంత పనైంది. ఆమె మాత్రం మర్నాడు ఆ చెప్పు పట్టుకుని మా ఇంటికొచ్చింది. టైరు ముక్కతో చేసి, తీగతో కుట్టిన చెప్పు. "మెచ్చుకున్నోలు ఎందుకు మెచ్చుకున్నారో సెప్పరు. కొట్టినోడిని అడిగితే సెప్తాడు" అంది. భయపడుతూనే వెంట వెళ్లాను.

కూలీల లైన్లలో నాలుగో గుడిసె దగ్గర దానికి జత దొరికింది. మనిషి పేరు లచ్చయ్య. అడవుల్లోని ఎర్రబోరు వైపు నుంచి వచ్చిన దొర్ల గిరిజనుడు, కాంట్రాక్టు మీద గనిలో రాతిని తొలిచే డ్రిల్లు నడుపుతాడు. సలోమి చెప్పును అతని ముందు పెట్టి, పాట అంత బాగోలేదా అని అడిగింది. అతను ఆమె పెదవుల వైపు చూశాడు.

"జర పెద్దగ చెప్పమ్మా. పదేండ్లు డ్రిల్లు పట్టిన, చెవులు వోయినయ్."

ఆమె గట్టిగా మళ్లీ అడిగింది.

"మా బిడ్డ మాట ఇనబడదు నాకు. ఇన్నేండ్లకు పండుగ నాడు ఇనబడ్డది నీ పాటొక్కటే. అది గూడ డ్రిల్లు లెక్కనే ఉండె. కోపమొచ్చింది."

సలోమి పాట సంగతి మళ్లీ ఎత్తలేదు. ఈ లైన్లో నీలాంటివాళ్లు ఇంకా ఎవరున్నారని అడిగింది. అతను ఒక్కొక్క గుడిసె వైపూ వేలు చూపిస్తూ పోయాడు.

అక్కడి నుంచి ఆమె జీవితం మారింది. గుడిసె గుడిసెకూ వెళ్లి, మనిషి వెనక నిలబడి గిటారు తీగ మీటి, ఎవరికి ఎంత దూరం నుంచి వినిపిస్తుందో నోటుపుస్తకంలో రాసుకుంది. ఆ పుస్తకం చూసి ఒక గని అధికారి ఇది వయసు ప్రభావం అన్నాడు. సలోమి లచ్చయ్య వయసు ముప్పై రెండని చెప్పి, మర్నాటి నుంచి అతణ్ణి వెంటబెట్టుకుని ఆఫీసు వరండాలోనే కూర్చుంది. ఇంట్లో పెళ్లి మాటలు ఆగిపోయాయి, చర్చిలోనూ కొందరు ముఖం తిప్పుకున్నారు. డ్రిల్లు పనివాళ్లకు చెవులకు పెట్టుకునే మఫ్‌లు రావడానికి కొన్నేళ్లు పట్టింది. అప్పటికే వినికిడి పోయినవాళ్లకు ఆమె చర్చి వరండాలో పెదవులు చూసి మాట గ్రహించడం నేర్పింది. దాన్ని తాను ముందు పుస్తకాలు తెప్పించుకుని, అద్దం ముందు కూర్చుని నేర్చుకుంది. మొదటి శిష్యుడు లచ్చయ్య. ఒకరోజు అతని చిన్న కూతురు "అయ్యా, తిన్నవా?" అని శబ్దం లేకుండా పెదవులు కదిపితే, "ఇంక లేదు బిడ్డా" అన్నాడు. సలోమి అటు తిరిగి ముక్కు చీదుకుంది.

ఆనాటి పాట మంచిదా చెడ్డదా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. ఆమెనూ అడిగాను. తప్పు చోట సరైన పాట పాడేమేమో, లేకపోతే సరైన చోట తప్పు పాటేమో అని నవ్వింది.

రైలెక్కి అంత్యక్రియల వేళకు చేరుకున్నాను. లచ్చయ్య కూతురి చెయ్యి పట్టుకుని ఎర్రబోరు నుంచి బస్సులో వచ్చాడు. సమాధి దగ్గర గాయక బృందం పాడుతోంది. చుట్టూ నిలబడ్డవాళ్లలో సగం మంది పాత డ్రిల్లు పనివాళ్లు. ఒక్కరూ శవపేటిక వైపు చూడలేదు. అందరి చూపూ పాడేవాళ్ల పెదవుల మీదే ఉంది. ఆఖరి చరణం దాకా ఎవరూ కదల్లేదు.

తనను గాయపరచినవాడి గడపకు కోపంతో కాక కుతూహలంతో వెళ్లిన ఆ మహామనీషికి నా ప్రణామం. ఆ లైన్లలో అలా తలుపు తట్టేవాళ్లు ఇంకెవరున్నారని తిరిగొచ్చే దారంతా ఆలోచించాను. ఒక్క పేరూ తట్టలేదు.