నుస్, నుస్

2024 ఎండాకాలం. రుస్తాఖ్‌లో హోమ్ విజిట్ డ్యూటీ నాది. ఆసుపత్రికి రాలేని ముసలివాళ్ల దగ్గరికి ఆసుపత్రే వెళ్లడం అన్నమాట. ఒమాన్‌లో వృద్ధులు పెరుగుతున్నారని ప్రభుత్వం ముందుచూపుతో పెట్టిన ఏర్పాటు. ఆ ముందుచూపు చివరికి నేనూ, ఒక బీపీ మిషనూ, ఏసీ పనిచేయని కారూ.

ఎనభై దాటిన ఒక అవ్వను ఇంట్లో అందరూ హబూబా అనేవారు, నాయనమ్మ అని. ఆమె కంప్లయన్స్, అంటే చెప్పినట్టు మందు వేసుకోవడం, భేష్. మాత్రల డబ్బా సమయానికి ఖాళీ అయ్యేది. బీపీ మాత్రం పెరుగుతూనే ఉంది. మిషన్‌ను అనుమానించి మార్చాను. కొత్తది ఇంకా ఎక్కువ చూపించింది.

ఒక రోజు ఎప్పటిలాగే ముందు ఖర్జూరాలు, కాఫీ. పోసింది మస్తాన్‌బీ. కడప మనిషి, వయసులో ఉన్నప్పుడు ఆ ఇంట్లో పనికి చేరి అక్కడే తల నెరిసింది. హబూబా మాత్రను పళ్లతో టక్కున కొరికి, సగం మస్తాన్‌బీ అరచేతిలో పెట్టింది.

"నుస్, నుస్" అంది. సగం, సగం అని. ఖర్జూరం పంచినంత తేలిగ్గా.

కప్పు కింద పెట్టి మస్తాన్‌బీ వైపు తిరిగాను.

"ఇదేంది అమ్మా?"

"నాకు తల తిరుగుతాంటే ఆమే ఇచ్చిందప్పా. ఏడాదాయ. ఇద్దరికీ ఒకటే జబ్బంట."

"ఆమె ఏ కాలేజీల డాక్టర్ చదివింది?"

"నగు, నగు. నువ్వు మందుల సంచీ తెచ్చేది ఆమెకే గదా. నాకెవురు తెస్తారు?"

నిజమే. మా పథకం ఈ దేశస్థులకే. మస్తాన్‌బీ బీపీ చూశాను. హబూబాను దాటేసింది. ఇన్నాళ్లూ ఆ చేతి కాఫీ తాగాను గానీ ఆ చెయ్యి ఒకసారీ పట్టుకుని చూడలేదు.

"సలీంకు చెప్పాకు నాయనా. ముసల్దాన్నయితినని ఊరికి పంపిస్తాడు."

చెప్పకపోతే ఇద్దరిలో ఎవరికో పక్షవాతం వస్తుంది. హబూబా కొడుకు సలీంను పిలిచి చెప్పాను. ఆయనకూ అరవై దాటాయి. నోరు తెరిచేలోపే హబూబా తేల్చేసింది: "ఆమెను పంపితే నేనూ కడపకే."

సలీం నావైపు తిరిగాడు. "కడపలో ఎండలెలా ఉంటాయి?"

"ఇక్కడిలాగే. ఏసీలు తక్కువ."

ఆయన కారు తాళాలు తీసుకున్నాడు. మస్తాన్‌బీని తన ఖర్చుతో క్లినిక్‌కు తీసుకెళ్లాడు. ఇప్పుడు ఇంట్లో రెండు డబ్బాలు. హబూబాకు మాత్రం మాత్ర మొత్తం ఒక్కతే మింగడం మొహమాటంగానే ఉంది.

నేనిప్పుడు ఏ ఇంటికెళ్లినా ముసలివాళ్లు ఎందరని అడగను. ముందు కాఫీ పోసే చేతికి బీపీ పట్టీ చుడతాను.