రైలుపెట్టె మెట్టు

బందరు నుంచి గుడివాడ వెళ్తుంటే రైలు ఓ చిన్న స్టేషన్లో ఆగింది. ప్లాట్‌ఫారం బాగా కిందికుంది. ఒక మామ్మ ఎండుచేపల బుట్టని ముందు లోపలికి తోసి, మోకాలు మెట్టుకి ఆనించి ఎక్కబోతోంది. నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన లేచి చెయ్యి అందించారు.

"రైలుపెట్టె మెట్టు ఎంత ఎత్తుండాలో ప్రమాణం రాసిన కమిటీలో నేనూ ఉన్నానండీ," అన్నారు కూర్చుంటూ.

"మరి పాటించరేం?"

"పాటించడం వాళ్ళిష్టం. తప్పనిసరి అని రాద్దామంటే పెట్టెలు తయారుచేసేవాళ్ళు ఒప్పుకోరు. అందరూ ఒప్పుకుంటేనే అది ప్రమాణమవుతుంది."

నాకు ఒళ్ళు మండింది. "ఆ మాత్రానికి రాయడం ఎందుకండీ?"

ఆయన ఏదో చెప్పబోయారు. ఇంతలో రైలు మళ్ళీ ఆగింది. మాట ఆపేసి తలుపు దగ్గరికి వెళ్ళారు.

అప్పట్నుంచి రైలు ఆగినప్పుడల్లా నేనూ లేస్తున్నాను. పెట్టె అవతలి చివర తలుపు దగ్గర మాత్రం చెయ్యి అందించడానికి ఎవరూ ఉండరు.